నీరు ఇంకే పేవర్ బ్లాకులు: రెండు వానాకాలాల తరువాత

ఇంటి ముందున్న 60 చదరపు మీటర్ల సిమెంటు నేలను పగలగొట్టించి, నీరు ఇంకే పేవర్ బ్లాకులు వేయించి రెండు వానాకాలాలు గడిచాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 20 మిల్లీమీటర్ల వానకు మా పాత నేల మీది నుంచి దాదాపు 1,200 లీటర్లు వీధి కాలువ పాలయ్యేవి. పోయేది నీరొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. బండి కింద కారిన ఆయిలు, టైర్లు అరిగి రాలిన పొడి, మొక్కలకు వేసిన ఎరువు ఆ నీటితో కలిసి చెరువు చేరతాయి. ఎరువులోని నత్రజని, భాస్వరం అక్కడ నాచును పెంచితే, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగిపోయి చేపలు చనిపోతాయి. ఈ బ్లాకులు కొనాలనుకున్నది అందుకే.

అయితే, మేము వేయించిన రకంలో నీటిని ఇంకించేది బ్లాకు కాదు, బ్లాకుల నడుమ సందులు, వాటి అడుగున పరిచే కంకర. ఈ సంగతి అమ్మినవారు చెప్పలేదు. పనివారు అలవాటు ప్రకారం సందుల్లో సన్న ఇసుక నింపడంతో మొదటి పెద్ద వానకే వాకిలి మడుగయింది. ఇసుకంతా తీయించి, పొడి లేకుండా కడిగిన 6 మిల్లీమీటర్ల రాతి చిప్స్ నింపించాక గానీ పని జరగలేదు. ఇప్పుడు జోరువానలో చూరు కింద నిలబడి చూస్తే, నీరు సందు దాకా జారి, లోపలి గాలి చిన్న బుడగగా పైకి తేలగానే కిందికి దిగిపోవడం కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు సంతోషమే.

లోపాలూ ఉన్నాయి. పూలమడి పక్కనున్న రెండు వరుసల్లో మట్టి చేరి సందులు పూడుకుపోగా, కత్తితో గీకి చిప్స్ మళ్లీ నింపవలసి వచ్చింది. మడికి ముందే గట్టు కట్టించి ఉంటే ఆ శ్రమ తప్పేది. కంకర పొర మట్టిని, లోహపు రేణువులను చాలావరకు పట్టి ఉంచుతుంది కానీ, ఎరువు నుంచి వచ్చి నీటిలో కరిగిన నైట్రేటును ఆపలేదు. కాబట్టి బావి దగ్గర వీటిని వేయకపోవడం మంచిది. బంకమట్టి నేలలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కనుక, అడుగున రంధ్రాల పైపు వేసి మిగులు నీటిని బయటికి పంపాలి. నిటారు వాలుకు ఇవి పనికిరావు.

బ్లాకుల నాణ్యతపై నాకు ఫిర్యాదు లేదు, ఒక్కటి కూడా పగలలేదు. కొనేవారు మాత్రం రంగు, ఆకారం ఎంచుకునే ముందు అడుగున ఎంత మందాన, ఏ సైజు కంకర వేస్తారో, సందుల్లో ఏమి నింపుతారో కాగితం మీద రాయించుకోవాలి.