గోడకు ముఖమా, ప్రకృతి దృశ్యమా?

గోడ మీద ఒక్క పెద్ద బొమ్మకే చోటుంది. ఏది పెట్టాలి?

చూపును లాగే పట్టు: ముఖానిదే. కళ్లు తెరిచి గంటలు గడవని పసికందు కూడా ముఖంలాంటి ఆకారం వైపే తల తిప్పుతుంది. పెద్దల మెదడు సుమారు 170 మిల్లీసెకన్లలో ముఖాన్ని పసిగడుతుంది. గుంపుగా బతికిన జాతికి ఎదుటివాడు మిత్రుడా శత్రువా అన్నది ముందు తేలాలి కదా. తెలంగాణ చేర్యాల నకాషీ బొమ్మల్లో ఎర్రటి నేపథ్యం మీద ఆ పెద్ద కళ్లు ఎంత దూరం నుంచి పిలుస్తాయో చూడండి.

నిలకడ: దృశ్యానిది. దాక్కోవడానికి చాటు, దూరం చూడటానికి వీలు రెండూ ఉన్న చోటు మనకు నచ్చుతుందని 1975లో బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ అన్నాడు. నీరు, గొడుగులా పరుచుకున్న చెట్టు, మలుపులో మాయమయ్యే బాట ఉంటే చూపు మళ్లీ మళ్లీ వెళ్తుంది. (ఇది సిద్ధాంతమే, పూర్తిగా తేలిన నిజం కాదు.)

గీయడంలో రిస్క్: ముఖానికే ఎక్కువ. మనిషి కంట్లో తెల్లగుడ్డు బాగా కనబడుతుంది కాబట్టి చూపు ఎటుందో ఇట్టే తెలుస్తుంది. చిన్న బొమ్మలో నల్లగుడ్డు ఒక్క మిల్లీమీటరు జరిగినా మెల్లకన్నే! చేర్యాల నకాషీ బొమ్మల్లో ఎర్రటి నేపథ్యం మీద ఆ పెద్ద కళ్లు ఎంత దూరం నుంచి పిలుస్తాయో చూడండి. దృశ్యంలో కొమ్మ కాస్త వంకరపోతే ఎవరికీ పట్టదు. ముందు భాగమంతా పొదలతో మూసేస్తే మాత్రం చూపు లోపలికి పోదు.

శ్రమ: దృశ్యానికి తక్కువ. పోలిక కుదరాలన్న బెంగ లేదు.

దాటిపోయే జనాన్ని ఆపాలంటే, అంటే దుకాణం, వరండా, పుస్తకం అట్టకు, ముఖం. నేరుగా చూసే ముఖం మీరు ఎటు జరిగినా మిమ్మల్నే చూస్తుంది, పడకగదికి వద్దు. అక్కడా, జనం తమ వంతు కోసం ఎదురుచూసే గదుల్లోనూ దృశ్యమే.