మోనో రెడ్‌తో వెళ్లాలా, కంట్రోల్ డెక్‌తోనా?

‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ కార్డుల ఆటకి షాపుల్లో జరిగే పోటీ ఫ్రైడే నైట్ మ్యాజిక్. దానికి స్టాండర్డ్ (ఇటీవలి సెట్ల కార్డులతో ఆడే పద్ధతి) డెక్ కట్టేటప్పుడు ఎప్పుడూ వచ్చే సందేహమే ఇది. మోనో రెడ్ అంటే ఒక్క ఎరుపు రంగు కార్డులతో వేగంగా దాడి చేసే డెక్. కంట్రోల్ అంటే ఎదుటివాళ్ల ఆటని అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచేది.

ఖర్చు: మోనో రెడ్‌కి ల్యాండ్స్ (మిగతా కార్డులు ఆడేందుకు శక్తినిచ్చే కార్డులు) చాలావరకు మామూలు మౌంటెన్లే, చవక. కంట్రోల్‌లో రెండు రంగుల రేర్ ల్యాండ్స్‌కే జేబు ఖాళీ.

శ్రమ: రెడ్ కూడా ఆలోచించకుండా ఆడేది కాదు. మూడు డ్యామేజ్ ఇచ్చే కార్డుని ఎదుటివాళ్ల క్రీచర్ (పోరాడే జీవి కార్డు) మీద వేయాలా, నేరుగా వాళ్ల 20 లైఫ్ (సున్నా అయితే ఓడిపోయే పాయింట్లు) మీదా అన్నదే అసలు లెక్క. కంట్రోల్‌కైతే ఎదుటి డెక్‌లన్నీ తెలిసుండాలి. కౌంటర్‌ని (ఎదుటివాళ్లు వేసే కార్డుని రద్దు చేసేది) దేనికోసం దాచాలో తెలియకపోతే అది చేతిలో ఉన్నా దండగే.

రిస్క్: రౌండ్ సాధారణంగా 50 నిమిషాలే. కంట్రోల్‌తో నెమ్మదిగా ఆడితే గెలవాల్సిన మ్యాచ్ డ్రా అయిపోతుంది. రెడ్‌కి ఆ టెన్షన్ లేదు. ఎదుటివాళ్లు లైఫ్ పెంచే కార్డులు సైడ్‌బోర్డ్‌లో (గేముల మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డుల్లో) పెట్టుకొస్తే మాత్రం కష్టం.

కొత్తవాళ్లకి, షాపులో ఎవరేం ఆడతారో తెలియనివాళ్లకి రెడ్. ప్రతి వారం అవే ముఖాలు, అవే డెక్‌లు అయితే కంట్రోల్. అక్కడ నా ఓటు దానికే.