ఊరెళ్లేటప్పుడు కుక్కనూ పిల్లినీ ఎవరికి అప్పగించడం మేలు?

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాదు పడమటి శివార్లు సగం ఖాళీ అవుతాయి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, నల్లగండ్లలోని గేటెడ్ కమ్యూనిటీల నుంచి కార్లు వరుసగా విజయవాడ దారి పట్టే ఆ రోజుల్లో, ఇంట్లో ఉన్న కుక్కను ఏం చేయాలి, పిల్లిని ఎవరు చూస్తారు అన్న ఆలోచన చాలా కుటుంబాలకు ప్రయాణం దగ్గర పడ్డాకే వస్తుంది. అప్పటికి వారి ముందు నాలుగు దారులు ఉంటాయి. డబ్బు తీసుకుని కొన్నాళ్లు జంతువులను తమ దగ్గర ఉంచుకుని చూసుకునే బోర్డింగ్‌లో వదలవచ్చు, మన ఇంట్లోనే ఉండి చూసుకునే పెట్ సిట్టర్‌ను పెట్టుకోవచ్చు, రోజుకు రెండుసార్లు వచ్చి చూసిపోయే సిట్టర్‌ను కుదుర్చుకోవచ్చు, లేదా పనిమనిషికో వాచ్‌మన్‌కో చెప్పి వెళ్లవచ్చు. ఎక్కువమంది వీటిని ఖర్చుతో తూచి చూస్తారు. ముందుగా చూడవలసింది గంటల లెక్క అని నా అభిప్రాయం. మనం లేనప్పుడు రోజులో ఆ జంతువు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది, ఆ ఒంటరితనాన్ని ఎంతవరకు తట్టుకోగలదు అన్నది తెలిస్తే, ఏది మేలో చాలావరకు తేలిపోతుంది.

రోజుకు రెండుసార్లు వచ్చే పద్ధతినే తీసుకుందాం. సిట్టర్ ఒక్కోసారి ముప్పావు గంట ఉన్నా మొత్తం గంటన్నరే అవుతుంది. తక్కిన ఇరవై రెండున్నర గంటలు ఇంటికి తాళం వేసే ఉంటుంది. పొద్దున్నే నడకకు వెళ్లి, రోజంతా మనుషుల కాళ్ల చుట్టూ తిరగడం అలవాటైన లాబ్రడార్‌కు ఇది శిక్షే. అది తలుపు గీకుతుంది, గంటల తరబడి మొరుగుతుంది, పక్క ఫ్లాటువారు సెక్యూరిటీకి ఫోను చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి మాత్రం ఇదే అన్నిటికన్నా మంచి ఏర్పాటు. పిల్లికి తన చోటే ధైర్యం. దాన్ని బుట్టలో పెట్టి, కుక్కల మొరుగుడు వినిపించే కొత్త చోటికి తీసుకెళ్తే ఒక మూలకు చేరి తిండి మానేయవచ్చు. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు వరుసగా ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

అందుకని వచ్చేవారు గిన్నె నింపి వెళ్లిపోయేవారు కాకూడదు. పని తెలిసిన సిట్టర్ ఇంట్లోకి రాగానే నిన్న పెట్టిన తిండిలో ఎంత మిగిలిందో చూస్తారు. తర్వాత పిల్లి మలమూత్రాల కోసం ఇసుక పోసి ఉంచే లిట్టర్ పెట్టె ముందు కూర్చుని, చిల్లుల గరిటెతో ఇసుకను తిరగేసి, మూత్రంతో గట్టిపడిన ఉండలు ఎన్ని ఉన్నాయో, రోజూ ఉండేంత పెద్దవిగానే ఉన్నాయో లేదో గమనిస్తారు. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది, ఆ సంగతి చాలాసార్లు ఆ ఇసుకలోనే ముందుగా కనిపిస్తుంది. పిల్లి ముద్దుగా పడుకుని ఉన్న ఫొటో పంపేవారికన్నా, ఈ ఇసుక ఫొటో పంపేవారి మీద నాకు నమ్మకం ఎక్కువ. ముప్పై, నలభై అంతస్తుల టవర్లలో వల లేని బాల్కనీ తలుపును పిల్లి ఇంట్లో తిరుగుతుండగా తెరవకూడదన్నది కూడా వారికి మనం చెప్పకుండానే తెలిసి ఉండాలి.

బోర్డింగ్‌ను తీసిపారేయవలసిన పని లేదు. ఏడాది దాటి, తోటి కుక్కలతో బాగా కలిసిపోయి, టీకాలన్నీ పూర్తయిన కుక్కకు నగరం అంచున మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు తోటలో నడిచే మంచి బోర్డింగ్, ఫ్లాటు కన్నా హాయిగానే ఉండవచ్చు. అక్కడ పరిగెత్తడానికి మట్టినేల ఉంటుంది, ఆటకు తోడు ఉంటుంది. అయితే పది ఇళ్ల కుక్కలు ఒకచోట చేరితే జబ్బులూ చేరతాయి. కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గు ఒకదాని నుంచి మరొకదానికి తేలికగా పాకుతుంది. మన ప్రాంతపు కుక్కలను తరచుగా పీడించే టిక్ ఫీవర్ పిడుదుల వల్ల వస్తుంది. ఆ పిడుదులు ఎవరి కుక్క మీద వచ్చాయన్నది తర్వాత తేల్చడం ఎవరి వల్లా కాదు. కనుక రేబిస్ టీకా కార్డు అడగకుండానే మన కుక్కను చేర్చుకుంటామన్న చోటు నుంచి వెనక్కి వచ్చేయడం మంచిది, ఎందుకంటే వారు పక్క గదిలోని కుక్క కార్డు కూడా అడిగి ఉండరు. దగ్గు టీకాను ప్రయాణానికి ముందురోజు వేయిస్తే రక్షణ ఏర్పడటానికి వ్యవధి చాలదు కాబట్టి, రెండు వారాల ముందే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

బోర్డింగ్‌వారిని రాత్రిపూట ఎవరు ఉంటారని, ఒక్కొక్కరి చేతిలో ఎన్ని కుక్కలు ఉంటాయని తప్పక అడగాలి. పండుగకు కుక్కల సంఖ్య పెరిగే రోజుల్లోనే అక్కడ పనిచేసేవారికీ ఊరికి వెళ్లాలని ఉంటుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో పగ్, షిట్జు వంటి చప్పిడి ముక్కు కుక్కలను, బొచ్చు దట్టంగా ఉండే హస్కీలను రేకుల షెడ్డు కింద వదలడం ఎంతమాత్రం తగదు. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు వాటికి వడదెబ్బ తగలడానికి ఎక్కువసేపు పట్టదు.

ముసలి కుక్కకు, మందుల మీద ఉన్న కుక్కకు, శబ్దానికి భయపడే కుక్కకు ఇంట్లోనే ఉండే సిట్టర్‌కు సాటి వచ్చే ఏర్పాటు లేదని నా గట్టి నమ్మకం. దీపావళి రాత్రి పై అంతస్తుల్లో రాకెట్లు బాల్కనీ ఎత్తులోనే పేలుతాయి. ఆ మోతకు వణుకుతూ మంచం కింద దూరిన కుక్క పక్కన ఒక మనిషి కూర్చుని, కిటికీలు మూసి, ఫ్యాను వేసి, టీవీ గొంతు కాస్త పెంచి ఉండటం వేరు, చీకటింట్లో అది ఒంటరిగా ఉండటం వేరు. మందుల విషయంలో తేడా ఇంకా పెద్దది. మధుమేహం ఉన్న కుక్కకు పన్నెండు గంటలకోసారి తిండితో పాటు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆ పూట అది తినకపోతే ఏం చేస్తారని సిట్టర్‌ను అడిగి చూడండి. సూది మామూలుగానే వేసేస్తానన్నవారికి ఆ కుక్కను అప్పగించకూడదు, ఎందుకంటే ఖాళీ కడుపున పూర్తి మోతాదు పడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ముందు వైద్యుడికి ఫోను చేసి మోతాదు అడుగుతానన్నవారే ఆ పనికి తగినవారు.

అయితే ‘ఇంట్లో ఉంటాను’ అన్న మాటను కూడా గంటల్లోనే తెలుసుకోవాలి. ఈ పని చేసేవారిలో వేరే ఉద్యోగమో చదువో ఉన్నవారు ఉంటారు. రాత్రి తొమ్మిదికి వచ్చి పొద్దున ఎనిమిదికి వెళ్లే సిట్టర్ మంచివారే కావచ్చు, కానీ పగలు పదమూడు గంటలు కుక్క ఒంటరిదే. అది సరిపోతుందా, మధ్యాహ్నం ఒకసారి రావలసి ఉంటుందా అన్నది బేరానికి ముందే తేల్చుకోవాలి.

పనిమనిషికి చెప్పి వెళ్లడం తక్కువ ఖర్చు, కుక్కకూ ఆమె తెలిసిన మనిషే. ఒకటి రెండు రోజులకు, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుని, విడిగా డబ్బు ఇచ్చినప్పుడు ఇందులో తప్పేమీ లేదు. జీతంలోనే కలిసిపోయిన పనిగా భావించి ఆమె పండుగ సెలవును మింగేయడం మాత్రం అన్యాయం. తిండి విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. ప్రేమతో పెట్టిన ఉల్లిపాయల కూర, ఎండుద్రాక్ష వేసిన పాయసం కుక్కకు విషంతో సమానమని చెప్పకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది? అది చెప్పవలసిన బాధ్యత మనదే.

గేటెడ్ కమ్యూనిటీలో గేటు దగ్గరి సంగతులు వేరు. సిట్టర్ పేరును అన్ని రోజులకూ ముందుగానే మైగేట్ వంటి యాప్‌లో నమోదు చేయకపోతే, మనం విమానంలో ఉన్న సమయంలో ఆమెను గేటు దగ్గరే ఆపేస్తారు. ఆధార్ నకలు తీసుకోవాలి, అంతకుముందు ఆమె పనిచేసిన రెండు ఇళ్లవారితో మాట్లాడాలి. లిఫ్టులో కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మార్గదర్శకాల నకలు ఒకటి సిట్టర్ ఫోనులో ఉంచితే కుక్కను నడకకు తీసుకెళ్లేటప్పుడు ఎవరితోనూ వాదన పడవలసిన అవసరం రాదు. ఇంట్లో కెమెరాలు ఉంటే ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకు చెప్పి తీరాలి, ఆమె పడుకునే గదిలో కెమెరా ఉండకూడదు. మన ఇంటి భద్రత గురించి మనం ఎంత ఆలోచిస్తామో, పరాయి ఇంట్లో ఒంటరిగా రాత్రి గడిపే ఆమె భద్రత గురించీ అంతే ఆలోచించాలి.

ఖర్చు విషయానికి వస్తే, బోర్డింగ్‌లో సాధారణంగా తలకింత అని లెక్క కడతారు, సిట్టర్ రాత్రికింత అని తీసుకుంటారు. ఒక్క కుక్క ఉన్న ఇంటికి బోర్డింగే చవక కావచ్చు. రెండు కుక్కలు, ఒక పిల్లి ఉన్న ఇంటికి లెక్క తారుమారై సిట్టరే కలిసివస్తారు, పైగా అవి మూడూ విడిపోకుండా ఉంటాయి.

ఎవరిని కుదుర్చుకున్నా, అసలు ప్రయాణానికి ముందు ఒక రాత్రి బయట గడిపి చూడటం అవసరం. మరునాడు తిండి గిన్నె, కుక్క నడత చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. వైద్యుడి నంబరుతో పాటు, అత్యవసరమైతే ఎంత ఖర్చు వరకు మనల్ని అడగకుండా చికిత్స చేయించవచ్చో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నార్సింగి, కోకాపేటల వారికి రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం పెద్ద దూరం కాదు కాబట్టి ఆ దారి కూడా సిట్టర్‌కు ముందే తెలిసి ఉండాలి. పండుగ తిరుగు ప్రయాణంలో టోల్‌ప్లాజాల దగ్గర గంటల కొద్దీ ఆగిపోవడం మనకు తెలియనిది కాదు. ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు ఆమె ఉండగలరా, దానికి ఎంత ఇవ్వాలి, ఆమెకు వీలుకాకపోతే రెండో తాళంచెవి ఏ పొరుగింట్లో ఉంటుంది అన్నవి కూడా ఆ కాగితంలోనే రాయాలి.