ఏటిగట్టు నుంచి రుయిన్‌సారా దాకా

మా గోదావరి లంకలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏటిగట్టు. వరదలొస్తే పశువుల్ని తోలుకెళ్ళేది దాని మీదికే. అలాంటి ఊరి నుంచి మూడున్నర వేల మీటర్ల ఎత్తుకు నడుస్తామంటే మా అత్తగారికి నవ్వు రాలేదు. కొడుకునీ అల్లుడినీ ఒకే విడతలో కొండలకు పంపడం ఏమిటని ఆవిడ బాధ.

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ అనే కొండ ఊరి పేరు వినగానే అందరూ కేదార్‌కాంఠా శిఖరం అంటారు. మంచు కాలంలో ఆ దారి తిరునాళ్ళే. మాకు జనం వద్దు. అందుకే అదే సాంక్రీ నుంచి హర్ కీ దూన్ లోయకు, అక్కడి నుంచి పక్క లోయలోని రుయిన్‌సారా చెరువుకు వెళ్ళాలనుకున్నాం. గోదావరి వరదలు తగ్గాక, అక్టోబరు మొదటి వారంలో బయలుదేరాం.

రాజమహేంద్రవరంలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్ చేరాం. ఇంతవరకు చెప్పుకోవలసింది ఏమీ లేదు. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి తెల్లవారుజామునే బస్సుంది. దాదాపు రెండు వందల కిలోమీటర్లకు పగలంతా పట్టింది. వాంతులయ్యే వాళ్ళు ముందు సీట్లు చూసుకోవాలి. పురోలా దగ్గర టీకి ఆపితే మా బావమరిది టీ మానేసి పొలంలోకి దిగాడు. ఆ లోయ ఎర్రబియ్యానికి పేరు. వెన్ను వంచి గింజ నొక్కి చూసి, "బావగారూ, వీళ్ళది కోతకొచ్చింది, మన సార్వా ఇంకా పొట్ట మీదే ఉంది" అన్నాడు. కావలసిన నగదు పురోలాలోనే తీసుకోండి. నైట్వార్‌లో రూపిన్, సుపిన్ కలిసి టోన్స్ నది అవుతాయి. ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోయే నదినే చూసి పెరిగిన మాకు, రెండు నదులు ఒకటి కావడం వింతగా తోచి చాలాసేపు చూశాం. గోవింద్ జాతీయ వనంలోకి అనుమతి కాగితాలు కూడా ఇక్కడే.

సాంక్రీలో బస ఫరవాలేదు. వేడినీళ్ళు బకెట్టుతో ఇచ్చారు. అద్దె సామాన్ల దగ్గరే దెబ్బ తిన్నాం. ఒక కొట్లో తీసుకున్న నిద్రసంచికి జిప్పు సగం వరకే పనిచేసింది, అది తెలిసింది కొండ మీద, రాత్రి. కొట్టు ముందే సంచిలో దూరి, జిప్పు మెడ దాకా లాగి చూడండి. సిగ్గుపడవద్దు.

పెద్ద సంస్థ ప్యాకేజీయా, ఊరి గైడా అన్నది మా మధ్య నెల రోజులు నడిచిన తగవు. ప్యాకేజీలో గుడారం, వంట, మందులు అన్నీ వాళ్ళవే, కాని రోజుల లెక్క కదలదు. మేము సాంక్రీ కుర్రాడినే కుదుర్చుకున్నాం. ఖర్చు కొంత తగ్గింది, అయితే లాభం డబ్బులో కాదు. తాలూకా అనే ఊరి వరకు జీపు, అక్కడి నుంచి ఓస్లాకు నడక. రెండో రోజు ఓస్లా నుంచి హర్ కీ దూన్‌కు చేరాలంటే ఒక్క రోజులో దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదంటారు. కల్కట్టియాధార్ దగ్గర బావమరిదికి తలనొప్పి పట్టుకుంది. గైడు మారు మాట లేకుండా బరువులు దింపించి, అక్కడే గుడారం వేశాడు. మా పక్కనుంచే ఒక బృందం ముందుకు సాగిపోయింది. అందులో ఒకమ్మాయి తల పట్టుకునే నడుస్తోంది. పొద్దున్నకు మావాడికి నొప్పి పోయింది. పోకపోతే ఇంటికే అని గైడు ముందే చెప్పాడు.

ఓస్లాలో దిగిన ఇల్లు ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన బస. చెక్క ఇల్లు, కింద పశువులు, పైన మనుషులు. మరుగుదొడ్డి మాత్రం బయట, చీకట్లో కాలు జారే మెట్లు దిగి వెళ్ళాలి. రాజ్మా, నెయ్యి రాసిన మండువా రొట్టె పెట్టారు. మండువా అంటే మన చోళ్ళే. మేము తెచ్చిన పూతరేకులు దారిలోనే పొడి అయిపోయాయి, చెంచాలతో పంచుకున్నాం. తాపేశ్వరం కాజా మాత్రం చెక్కు చెదరలేదు. ఊరి గుడిని ట్రెక్కింగుకు వచ్చేవాళ్ళు దుర్యోధనుడి గుడి అంటారు. ఇంటాయన మాత్రం సోమేశ్వరుడని గట్టిగా సరిదిద్దాడు. గునుపూడి సోమేశ్వరుడు తెలిసిన వాళ్ళం కాబట్టి మేము ఆయన పక్షమే.

హర్ కీ దూన్ 3,566 మీటర్లు. ఎదురుగా 6,252 మీటర్ల స్వర్గారోహిణి. పాండవులు ఇటే వెళ్ళారని అక్కడి నమ్మకం. అందమైన చోటే, కాని మాతో పాటు ఇంకా మూడు బృందాలు, వాటిలో ఒకదాని స్పీకరు పాట. రుయిన్‌సారా వేరు. దేవ్‌సూ పచ్చికల మీదుగా ఏటి వెంబడి నడిచి చేరేసరికి చెరువు దగ్గర మా గుడారం ఒక్కటే. పొద్దున్న సీసాలో నీళ్ళ మీద మంచు పొర తేలింది. ఉన్నది ఒక్క లోయకే సమయమైతే నేను రుయిన్‌సారానే అంటాను. బావమరిది ఒప్పుకోడు. కొండ ఎదురుగా నిలబడినట్టు ఉండేది హర్ కీ దూన్‌లోనే అంటాడు.

సాధన విషయంలో పొరపడ్డాం. మూడు నెలలు వీపు సంచిలో కొబ్బరికాయలు వేసుకుని ఏటిగట్టు మీద నడిచాం. ఊపిరికి అది సరిపోయింది, మోకాళ్ళకు సరిపోలేదు. ఎక్కడంలో తెలియలేదు కాని ఓస్లా నుంచి తాలూకాకు దిగేటప్పుడు ప్రతి రాయీ లెక్కకు వచ్చింది. మన వైపు వాళ్ళు ముందుగా రెండు మూడుసార్లు మారేడుమిల్లి కొండలు ఎక్కి దిగాలి, దిగడానికే ఎక్కువ. చేతికర్రలు రెండూ తీసుకోండి. ఇంటికి వచ్చాక వారం రోజుల దాకా గోదావరి దాటించే పంటు దిగేటప్పుడు కూడా బావమరిది పక్కవాళ్ళ భుజం పట్టుకునేవాడు.