ఇంటి చదువు: నాలుగేళ్లు నడిపాక నా మాట

2021 జూన్‌లో, బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టాం. అప్పటికి పాపకు ఐదేళ్లు, బాబుకు రెండు. మాది గుంటూరు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల ముస్లిం కుటుంబం. కరోనా రోజుల్లో ఫోన్ ముందు కూర్చుని క్లాసులు వినలేక పాప ఏడుస్తుంటే, కొన్నాళ్లు నేనే చెప్తానన్నాను. ఆ కొన్నాళ్లు నాలుగేళ్లయ్యాయి. ఈ దారిలోకి వద్దామా అని ఆలోచిస్తున్న అమ్మల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద లాభం తీరిక. ఒకసారి రంజాన్ నెలవంక చూడ్డానికి డాబా ఎక్కినప్పుడు "పోయినసారి కంటే ముందే వచ్చిందేంటమ్మా?" అని అడిగింది పాప. జవాబు వెంటనే చెప్పలేదు. ఆ నెలంతా చంద్రుణ్ణి చూసి నోట్సులో గీయించాను. పున్నమి దాటాక సాయంత్రం చంద్రుడు కనిపించక కంగారుపడింది. ఫజర్‌కు, అంటే తెల్లవారుజాము నమాజుకు లేచి చూస్తే పడమట ఉన్నాడు! మన రంజాన్ లెక్క చంద్రుడి నెలలదని చెప్తే, ఒక నెలకు 29, తర్వాతి నెలకు 30 రోజులు వేసి, పన్నెండు నెలలు కూడి 354 అని తేల్చింది. 365లోంచి తీసేసి "పదకొండు రోజులు!" అని కేక పెట్టింది. కూడిక, తీసివేత, ఆకాశం, దీన్ (మతం) అన్నీ ఒకే నోట్సులోకి వచ్చాయి. భాగహారం కూడా అంతే. జకాత్ అంటే దాచుకున్న సొమ్ములో పేదలకివ్వాల్సిన నలభయ్యో వంతని చెప్పి, నలభై రూపాయి బిళ్లలు చాప మీద పోశాను.

పుస్తకాలకు పెద్దగా ఖర్చవ్వలేదు. మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. మాకు అవే బాగా పనికొచ్చాయి.

ఇక నేను దెబ్బతిన్నది ఖాయిదా దగ్గర, అంటే ఖురాన్ చదవడానికి అరబీ అక్షరాలు నేర్పే తొలి పుస్తకం దగ్గర. చిన్నప్పుడు ఖురాన్ మొత్తం చదివి ఖతం చేశాను కదా, నా పిల్లలకు నేనే నేర్పుకుంటాననుకున్నాను. పాపకు రెండేళ్లు నేర్పాను. ఒకరోజు మా వీధిలో ఖురాన్ చెప్పే ఆపా (అక్క) పాప చేత ఖురాన్ మొదటి సూరా ఫాతిహా చదివించుకుని, "అల్‌హమ్దు దగ్గర ఆగు తల్లీ" అంది. అల్‌హమ్దులిల్లాహ్‌లో మొదటి హా గొంతు మధ్యలోంచి రావాలి, చివరి హా గొంతు అడుగు నుంచి రావాలి. మన తెలుగులో రెండింటికీ ఒకటే హ. నేనూ ఒకటే పలికేదాన్ని, అదే పాపకు వచ్చింది. నా తప్పు నా బిడ్డ నాలుక మీదికెక్కిందని ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. ఆ అలవాటు మాన్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి అమ్మలారా, లెక్కలు మీరే చెప్పుకోండి గానీ, తజ్‌వీద్ (ఖురాన్ సరిగ్గా పలికే పద్ధతి) బాగా తెలిసినవాళ్లకు ఖాయిదా మొదటిరోజే అప్పగించండి.

రెండో కష్టం కోపం. ఇంటి పని, వంట, చిన్నవాడు, చదువు అన్నీ దాదాపు ఒక్క మనిషే చూడాలి. ఒకసారి తీసివేతల దగ్గర గట్టిగా అరిచాను. పడుకునే ముందు పాప "రేపు టీచర్‌లా వద్దు, అమ్మలాగే రా" అంది. అప్పటినుంచి తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకే చదువు. జొహర్ (మధ్యాహ్నం నమాజు) తర్వాత పుస్తకం తెరవను.

జనం మాటలూ ఉంటాయి. "ముస్లింలు ఆడపిల్లను చదువు మాన్పించారు అంటారే అమ్మాయ్" అని మా అత్తగారు బాధపడ్డారు. ఆ మాట నాకూ గుచ్చుకుంది. నేను చేస్తున్నది మాన్పించడం కాదు, నా బిడ్డను బాగా చదివించాలనే ఈ కష్టమంతా. సర్టిఫికెట్ గురించి టెన్షన్ ఉన్నవాళ్లకు ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ సంస్థ) వారి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. అందులో 'ఎ' లెవెల్ మూడో తరగతికి, 'బి' అయిదుకు, 'సి' ఎనిమిదికి సమానం. పాపను బి లెవెల్‌కు తయారు చేస్తున్నాను. అత్తగారికి ఆ కాగితాలు చూపించాకే మనసు కుదుటపడింది.

తోటి పిల్లల లోటు మాత్రం ఇంకా తీరలేదు. సాయంత్రం పార్కుకు తీసుకెళ్తాను, సెలవుల్లో పిన్ని పిల్లలు వస్తారు. అయినా వీధిలో బడి బస్సు ఆగితే పాప కిటికీ దగ్గరికి వెళ్తుంది. ఆరో తరగతికి తనకు ఇష్టమైతే బడిలో చేర్పిస్తానని మాటిచ్చాను.

ఇంట్లో చేయి అందించే మనిషి లేకపోతే, ఉద్యోగం కూడా ఉంటే, నేనైతే మొదలుపెట్టమని చెప్పను. మా వారు పొద్దున వంట పంచుకోబట్టే నాకు ఇది సాగింది.

బాబుకు ఇప్పుడు ఆరేళ్లు. వాడి ఖాయిదా మొదటినుంచీ ఆపా దగ్గరే. వాడి పక్కన కూర్చుని నేనూ హా పలకడం మళ్లీ నేర్చుకుంటున్నాను.