వంద శాతం అయ్యాక ఇంకో మూడు నిమిషాలు

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని ఐదేళ్లు దాటింది. ఎవరడిగినా నేను ముందు పొగిడింది ఫైల్ మేనేజర్‌లోని కాపీ గుర్తునే. మూలన చిన్న గుండ్రం, గడియారం ముల్లు తిరిగినట్టు నిండుతుంది. అడ్డంగా డబ్బా తెరుచుకుని పని ఆపదు. స్పీడు కూడా బాగా ఎక్కువని నలుగురికీ చెప్పాను.

పోయినేడు మా పిన్ని కూతురి పెళ్లి క్లిప్పులు, మొత్తం 3 జీబీ, బావగారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆయన సాయంత్రం గోదావరి ఎక్కాలి, క్యాబ్ కింద హారన్ కొడుతోంది. మొదటి 40 శాతం కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. తర్వాత నత్తనడక. ఐదు నిమిషాలకు గుండ్రం నిండి టిక్కు పడింది. "అయిపోయింది బావా, తీసుకోండి" అన్నాను. ఆయన లాగేసుకుని వెళ్లిపోయారు. పెన్‌డ్రైవ్ లైటు అప్పటికింకా మిణుకుమంటూనే ఉంది. చూశాను, పట్టించుకోలేదు.

మర్నాడు రాజమండ్రి నుంచి అక్క ఫోను. "ఒరేయ్, జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చిందిరా. తలంబ్రాలు, అప్పగింతలు పేర్లయితే కనిపిస్తున్నాయి గానీ టీవీలో తెరుచుకోవట్లేదు." అత్తగారి తరఫు వాళ్లందరినీ కూర్చోబెట్టి మరీ పెట్టిందట.

జరిగిందేమిటంటే, లినక్స్ రాయాల్సిన డేటాను ముందు ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోకి తీసుకుని, తర్వాత మెల్లగా డ్రైవ్‌లోకి దించుతుంది. మామూలుగా అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా అలా ఆపుకోవచ్చు. నా 8 జీబీ ర్యామ్‌లో మిగతా పనులకు పోను చూస్తే అది సుమారు 1.2 జీబీ. గుండ్రం లెక్కపెట్టేది ర్యామ్‌లోకి వెళ్లినదాన్ని. సెకనుకు 6 ఎంబీ రాసే ఆ పెన్‌డ్రైవ్‌కు, టిక్కు పడ్డాక కూడా మూడు నిమిషాలకు పైగా పని మిగిలే ఉంది. నేను గొప్పగా చెప్పుకున్న స్పీడులో సగం ర్యామ్‌దేనన్నమాట.

పెన్‌డ్రైవ్ తీసే ముందు ఎజెక్ట్ బటన్ నొక్కి ఉంటే "ఇంకా రాస్తున్నాను, తీయొద్దు" అని చెప్పేది. ఆ తప్పు నాదే. కానీ టిక్కు పెట్టేశాక మళ్లీ అడగాలని ఎవరికి తోస్తుంది? విండోస్ 10లో 2018 నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఇలా ముందు ర్యామ్‌లో ఆపుకునే పద్ధతి (రైట్ కాషింగ్) మామూలుగా ఆపేసే ఉంటుంది.

తర్వాత లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ సెట్టింగుల్లో డర్టీ బైట్స్‌ను, అంటే ఇంకా రాయకుండా ర్యామ్‌లో ఆపుకునే డేటా పరిమితిని, 48 ఎంబీకి కట్టేశాను. ఇక చూడాలి! అదే 3 జీబీకి గుండ్రం మొదటి నుంచే నెమ్మదిగా కదిలి, ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకుంది. ఎజెక్ట్ నొక్కితే పది సెకన్లలోపే వదిలేసింది. మా ఆవిడ మాత్రం "సిస్టమ్ స్లో అయిందేంటి" అంటోంది.

చిక్కు ఒకటుంది. ఈ పరిమితి ల్యాప్‌టాప్ లోపలి డిస్కుకూ వర్తిస్తుంది, అందుకే పెద్ద డౌన్‌లోడ్లప్పుడు అప్పుడప్పుడు పట్టేస్తోంది. నాకు వారానికి రెండు మూడు పెన్‌డ్రైవ్‌లు నింపే పని కాబట్టి సర్దుకుంటున్నాను. డిస్కు నుంచి డిస్కుకే కాపీ చేసుకునేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు, వాళ్లకు పాత గుండ్రమే హాయి.

అక్కకు రెండో కాపీ కొరియర్లో పంపాను. లైటు ఆగాక ఇంకో ఐదు నిమిషాలు ఆగి మరీ తీశాను.