బోరులో పీడన సెన్సర్: ఐదేళ్ల వాడకం తర్వాత

హైదరాబాదు నిజాంపేటలోని మా అపార్ట్‌మెంటులో, రోజూ మోటారు నడిచే బోరులోనూ, నీళ్లు చాలక వదిలేసిన పక్క బోరులోనూ నీటిమట్టం కొలవడానికి 2020 ఫిబ్రవరిలో ఒక్కో పీడన సెన్సర్ దించాము. పరికరం మంచిదా కాదా అన్నదానికంటే దాన్ని ఎలా దించామన్నదే కొలతను నిలబెడుతుందని ఈ ఐదేళ్లలో నాకు తేలింది.

సెన్సర్‌కు తెలిసేది తన నెత్తిన ఉన్న నీటి పీడనమే; మీటరు నీటికి అది దాదాపు 9.8 కిలోపాస్కల్స్. దించిన లోతులోంచి ఆ నీటి ఎత్తును తీసివేస్తేనే నీటిమట్టం వస్తుంది కనుక, తీగ పది సెంటీమీటర్లు జారితే లెక్క కూడా అంతే తప్పుతుంది. అందుకే కేసింగ్ (బోరు పైభాగంలో దించే గొట్టం) అంచు మీద పెయింటుతో గుర్తు పెట్టి, నెలకొకసారి టేపు వేసి సరిచూస్తున్నాను.

మోటారు బోరులో తీగను ఊరికే వేలాడదీయడం మా మొదటి పొరపాటు. ఆరున్నర అంగుళాల బోరులో మోటారు పైపు, కరెంటు కేబులు పోగా మిగిలే సందు తక్కువ. ఎనిమిది నెలలకు మోటారు పైకి తీసినప్పుడు మా తీగ పైపుకు చుట్టుకుని ఉంది. "వైరేదో అడ్డమొస్తుంటే కట్ చేసిన సార్" అని మెకానిక్ మామూలుగా చెప్పాడు. తర్వాతి సెన్సర్‌ను, అడుగున రంధ్రాలు వేసిన అంగుళంపావు పీవీసీ పైపులో దించాము. అప్పటి నుంచి మోటారును మూడుసార్లు తీసినా దానికి ఏమీ కాలేదు.

కొలత పరిధిని ఎంచుకోవడంలోనూ దెబ్బ తిన్నాము. వదిలేసిన బోరులో 60 మీటర్ల లోతున, 50 మీటర్ల నీటిని కొలిచే సెన్సర్ పెట్టాము. 2020 అక్టోబరు 13 నాటి కుండపోత తర్వాత నీరు 10 మీటర్ల లోతు కంటే పైకి వచ్చి, సెన్సర్ మీద 50 మీటర్లు దాటడంతో, చూడవలసిన ఆ రోజుల్లోనే గ్రాఫు గీత గీసినట్టు బల్లపరుపుగా నిలిచిపోయింది.

గాలి పీడనం కొలతలో కలవకుండా, తీగలోని సన్నని గొట్టం ద్వారా గాలి పీల్చుకునే రకాన్ని మొదట కొన్నాము. ఆ గొట్టానికి తేమ పట్టకుండా కాపాడే సిలికా జెల్ గింజలు నీలం నుంచి గులాబీకి తిరగగానే మార్చాలి. 2021 వానాకాలంలో మేము మరిచిపోయాము, కొలతలు పాడయ్యాయి. ఇప్పుడు వాడుతున్నది గాలి గొట్టం లేని రకం; అది నీటితో పాటు పైనున్న గాలి పీడనాన్నీ కలిపి కొలుస్తుంది. దాని కొలతలోంచి వాయుపీడనాన్ని తీసివేయడానికి మెట్ల కింది గదిలో మరో చిన్న మీటరు ఉంది. ఈ తీసివేత చేయకపోతే, మన దగ్గర గాలి పీడనం ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో పెరిగి తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది కనుక, నీరు రోజుకు రెండుసార్లు మూడు నాలుగు సెంటీమీటర్లు ఊగినట్టు కనిపిస్తుంది. మా కార్యదర్శిగారు దాన్ని చూసి పక్క భవనంవారి మోటారును కొన్నాళ్లు అనుమానించారు.

గ్రానైటులో నీరు పగుళ్ల వెంటే నడుస్తుంది. మా మోటారు వేసిన ఇరవై నిమిషాలకు వదిలేసిన బోరులో మట్టం నలభై సెంటీమీటర్లు దిగుతోందని, అంటే రెండింటికీ ఒకే పగులు ఆధారమని ఈ సెన్సర్లే చూపాయి. అందులో ఇంకో మోటారు దించుదామన్న ప్రతిపాదనను సంఘం ఆ గ్రాఫు చూశాకే పక్కన పెట్టింది.